పక్క టీచరు చేతులు

ఆవిడ చేతులు పుట్టిన దగ్గర్నుంచీ అంతే, ఊరుకోవు. ఉయ్యాల్లో పడుకోబెడితే తన దుప్పటి తనే మడతపెట్టేదని వాళ్లమ్మ చెప్పుకునేది. కోతలే అయ్యుంటాయి లెండి. కానీ ఆవిణ్ణి ఒక్క పూట చూసినవాళ్లెవరూ కాదనలేరు. బస్సులో ముందు సీటాయన కాలరు మడతపడిపోయి ఉంటే వెనకనుంచి సర్దేస్తుంది. ఆయన ఉలిక్కిపడి తిరిగితే, కాలరన్నయ్యా, ఇంకేం లేదు అని చెప్పి, పనిలో పనిగా భుజమ్మీది దారప్పోగు కూడా తీసేస్తుంది. ఎదుటి మనిషి తుమ్మబోతుంటే ఆ మనిషి జేబులోంచే రుమాలు తీసి అందిస్తుంది. ఎవరైనా మాట కోసం వెతుక్కుంటుంటే ఆగలేదు. ఆ మాట అందించి, దాని తరవాత రావాల్సిన మాటలు కూడా తనే చెప్పేసి, అంతేగా అంటుంది. చాలాసార్లు అది అంతే కాదు. అయినా జనం మర్యాదకి తలూపి వెళ్లిపోతారు.

పెళ్లికి ముందు బొమ్మల కొట్లో రంగు కాగితాలు చుట్టే పని చేసింది. ఒక పెద్దాయన మనవడి కోసం రైలుబండి కొంటే, దాంతోపాటు ఆయన కౌంటరు మీద పెట్టిన కళ్లజోడు కూడా చుట్టేసి పైన రిబ్బను కట్టింది. పాపం ఆయన కొట్టంతా తడుముకుని, చివరికి ఇంటికెళ్లాక మనవడు పొట్లం విప్పితే గానీ లోకం చూడలేదు. ఆ ఉద్యోగం ఊడింది. తరవాత బట్టల దుకాణంలో చేరి, బేరమాడుతున్న ఆడవాళ్ల ఒంటిమీది శాలువాలు కూడా లాగి మడతపెట్టడం మొదలుపెట్టింది. అదీ ఊడింది. ఆ రోజుల్లోనే వేలు తెగి ఒక క్లినిక్కుకి వెళ్లింది. కట్లు కట్టే కాంపౌండరు ఒక చేతికి ఓపిగ్గా కట్టు కడుతుంటే, ఈవిడ రెండో చేత్తో ఆయన బల్లమీది సీసాలన్నీ పొట్టివి ముందు, పొడుగువి వెనక సర్దేసింది. ఆయన ఆవిడ సర్దడం అయ్యేదాకా ఆగి, బాగుందండీ అన్నాడు. ఆవిడతో ఆ మాట అన్న మొదటి మనిషి ఆయనే. ఇంకేముంది, పెళ్లి చేసేసుకున్నారు.

ఇలాంటి మనిషికి బళ్లో పక్క టీచరు ఉద్యోగం ఇచ్చారు. అదేం ఉద్యోగమంటారా? నాలుగో తరగతిలో ఒక పాప ఉంది. మేధో వైకల్యం అన్నారు డాక్టర్లు. అంటే ఏదైనా నేర్చుకోవాలంటే తోటి పిల్లలకన్నా ఆ పాపకి చాలా ఎక్కువ సమయం పడుతుంది, మళ్లీ మళ్లీ చెప్పాలి, ఓపిక పట్టాలి. ఆ పాపని అందరితోపాటు మామూలు క్లాసులోనే కూర్చోబెట్టి, పక్కన ఒక టీచర్ని వేస్తారు. ఆవిడే పక్క టీచరు. ఉద్యోగంలో చేరేముందు ఇచ్చిన శిక్షణలో చెప్పింది కూడా ఒక్కటే ముక్క: పిల్ల పని పిల్లే చెయ్యాలి, నువ్వు పక్కన ఉండాలి. ఈవిడ బుద్ధిగా తలూపి, ఆ ముక్క చెప్తున్నావిడ మెడలో చిక్కుపడ్డ మైకు తీగ విప్పి సరిచేసి వచ్చింది.

పాప సంగతి కాస్త చెప్పుకోవాలి. గుండ్రటి మొహం, ఎప్పుడూ ఊడిపోయే క్లిప్పులు, తొందరంటే తెలీని నడక. ఇంతకుముందు వేరే బళ్లో ఈ పాపని ప్రత్యేక గది అని ఒకదాంట్లో కూర్చోబెట్టేవారు. అందులో ఇంకో ఇద్దరు పిల్లలు, కునుకుతీసే ఆయా, విరిగిన బెంచీలు. అక్కడున్నన్నాళ్లూ పాప నోరు మూతబడిపోయింది. ఇంట్లో అమ్మా అనడం కూడా మానేసింది. ఈ బడికొచ్చి, నాలుగో తరగతి వాగుడుకాయల మధ్య పడ్డాక కదలిక వచ్చింది. వాళ్లమ్మ ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఒక సాయంత్రం పాప బడినుంచి అక్కడికొచ్చి, బల్ల దగ్గర అడ్డంగా నిలబడ్డ ఖాతాదారుతో, "జరగవయ్యా బాబూ, ఊపిరాడట్లా" అంది. క్లాసులో ఎవరో అన్న మాటే, దించేసింది. వాళ్లమ్మ ఇస్త్రీపెట్టె చొక్కా మీద అలాగే ఉంచేసి ఏడ్చింది. చొక్కా కాలిపోయింది. చొక్కా ఆ ఖాతాదారుదే. ఆయన అరుస్తుంటే ఈ తల్లి సంతోషం పట్టలేక ఆయన చేతులు పట్టుకుని ఊపేసిందట.

అలాంటి పాప పక్కన మన చేతులావిడ వచ్చి కూర్చుంది. ఇక చూస్కోండి. పాప చెప్పులు విప్పడం ఈవిడే, బ్యాగు తియ్యడం ఈవిడే, పెన్సిలు చెక్కడం ఈవిడే, ఆ పెన్సిలు పాప వేళ్లలో పెట్టి ఆ వేళ్లని పట్టుకుని రాయించడం కూడా ఈవిడే. నారింజ వొలిచి, తొనల మీది పీచు తీసి, గింజలు తీసి నోట్లో పెట్టేది. ఇంకా నయం, నమిలి పెట్టలేదు. ఆవిణ్ణి చూసి క్లాసు కూడా నేర్చుకుంది. నీళ్లసీసా మూత తియ్యడానికి పోటీ, కుర్చీ జరపడానికి పోటీ, క్లిప్పు పెట్టడానికి కొట్లాటలు. పాప మాత్రం ఏమంటుంది? కాలు చాపి కూర్చునేది, ఎవరో ఒకరు చెప్పు తొడిగేవారు. చెయ్యి చాపేది, ఏదో ఒకటి వచ్చి పడేది. పిల్లలు ముద్దుగా దొరసాని అని పేరు పెట్టారు. దొరసాని కూడా ఆ పేరుకి తగ్గట్టే, పొద్దున రాగానే బ్యాగు తియ్యమని అందరికీ వీపు చూపించి నిలబడేది.

ఒకరోజు హెడ్మాస్టరు కిటికీ పక్కనుంచి వెళ్తూ లోపలికి చూశారు. బొమ్మలు వేసే పీరియడు. పాప చేతిలో కుంచె ఉంది, ఆ చేతిని పక్క టీచరు పట్టుకుని ఉంది. కాగితం మీద చక్కటి ఇల్లు, చెట్టు, ఎగురుతున్న పక్షులు తయారవుతున్నాయి. పాప మాత్రం కాగితం వైపే చూడట్లేదు. అవతలి కిటికీలోంచి గోడమీద పోతున్న పిల్లిని చూస్తోంది. ఆయన పావుగంట నిలబడ్డారు. పిల్లి వెళ్లిపోయింది, పక్షులు పూర్తయ్యాయి, పాప ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

పక్క టీచర్ని గదిలోకి పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు. అసలు పాపని ఈ బళ్లో చేర్చుకోవడానికి పట్టుబట్టింది ఆయనే. ఆయన మాట్లాడుతుంటే ఈవిడ బల్లమీది పెన్నుల్ని రంగులవారీగా సర్దుతోంది.

"ఈ ఏడాది పరీక్షలు పెడితే నువ్వు నాలుగో క్లాసు గ్యారంటీగా పాసవుతావమ్మా" అన్నారాయన. "పాప సంగతేంటి?"

ఆవిడ చేతులు పెన్నుల మీదే ఆగిపోయాయి. ఆయన మెల్లిగా విషయం చెప్పారు. బడి కమిటీ అడుగుతోందట, ఆ పాప ఇక్కడ కూర్చుని సొంతంగా ఏం చేస్తోందని. ఏమీ చెయ్యకపోతే వచ్చే ఏడు వరండా చివర గది ఖాళీగా ఉంది, అందులో విడిగా కూర్చోబెడదామంటున్నారట. తను ఎదురుచెప్పాలంటే కళ్లారా చూసింది ఒక్కటైనా ఉండాలి. సోమవారం పొద్దుటిపూటంతా వచ్చి క్లాసులో కూర్చుంటానన్నారు. పాప తన బ్యాగు తను తీసి, తన పుస్తకం తను తెరిచి, వచ్చినా రాకపోయినా తన లెక్క తను చేస్తే చాలు. లేదంటే తన దగ్గర మాటల్లేవన్నారు.

ఆ సాయంత్రం పక్క టీచరు లాండ్రీకి వెళ్లి పాప వాళ్లమ్మకి అంతా చెప్పింది. ఆవిడ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"అక్కా, మళ్లీ ఆ గదిలో పెడితే దానికి మళ్లీ మాట పోతుంది" అంది.

పక్క టీచరుకి అప్పుడు తెలిసొచ్చింది. తప్పు పాపది కాదు, కమిటీది కూడా అంతగా కాదు, తన చేతులది. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే, హ్యాంగర్లకి తగిలించాల్సిన చొక్కాలన్నీ నాలుగు మడతలు పెట్టేసింది. ఆవిడ వెళ్లాక పాప వాళ్లమ్మ అవన్నీ మళ్లీ ఇస్త్రీ చేసుకుంది.

మర్నాటినుంచి చేతుల మీద యుద్ధం మొదలైంది. ముందు చేతులమీద కూర్చుని చూసింది. తిమ్మిరెక్కి, గంట కొట్టగానే లేవబోయి, బ్లాక్‌బోర్డుతో సహా పడింది. రెండు చేతుల్లోనూ రెండు డస్టర్లు పట్టుకుని చూసింది. చేతిలో డస్టరుంటే తుడవకుండా ఉంటుందా? పాప మొహమంతా సుద్దపొడి అయింది. ఊలు అల్లుకుంటూ కూర్చుంటే నయమని ఎవరో చెప్పారు. చక్కగా అల్లింది, అల్లిన మఫ్లరు తెచ్చి పాప మెడకి తనే చుట్టింది, పెన్సిలు తనే చెక్కింది, నారింజ తనే వొలిచింది. తల ప్రాణం తోకకొచ్చింది గానీ చేతులు దారికి రాలేదు.

ఆదివారం సాయంత్రం మొగుడి ముందు కూర్చుని, "ఏవండీ, నా రెండు చేతులకీ కట్టు కట్టెయ్యండి" అంది.

కాంపౌండరు ముందు నవ్వాడు. తరవాత ఆవిడ మొహం చూసి నవ్వు ఆపాడు. ఆ తరవాత ఆయనకి హుషారొచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో రెండు చేతులూ ఒకేసారి, అదీ తీరిగ్గా, దొరకడం ఆయనకిదే మొదటిసారి. సోమవారం తెల్లారకముందే లేచి వేలికొసల నుంచి మోచేతుల దాకా దూది, దానిమీద బ్యాండేజీ, దానిమీద ఇంకో బ్యాండేజీ, ముడుల మీద ముడులు వేశాడు. రెండు చేతులూ రెండు చిన్న దిండ్లయ్యాయి. ఆయన రెండడుగులు వెనక్కి వెళ్లి చూసుకుని మురిసిపోయాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ ఇంకా తల దువ్వుకోలేదని. ఆ పనీ ఆయనే చేశాడు. పాపిడి నుదుటి మధ్యలో బయల్దేరి ఎడమ చెవి దగ్గర తేలింది. టిఫినూ ఆయనే తినిపించాడు, సగం ఆవిడకీ సగం ఆవిడ కుర్తాకీ.

ఆవిడ బస్సెక్కగానే బస్సంతా లేచి నిలబడింది. ఒకాయన చంకలకింద చేతులు వేసి ఎత్తి సీట్లో కుదేశాడు. పక్కావిడ రుమాలు తీసి, కారని ముక్కు తుడిచింది. తుడిచి, చలేస్తుందేమో అని కుర్తా మెడ పైబొత్తాం బిగించి పెట్టింది. ఊపిరాడక ఈవిడ కళ్లు తేలేస్తే, నొప్పిగా ఉన్నట్టుంది పాపం అనుకున్నారు. కండక్టరు వచ్చి, ఈవిడ ఎక్కడ దిగాలట అని పక్కావిణ్ణి అడిగాడు. నాకు నోరుందండీ అని ఈవిడ అంటూనే ఉంది. ఇంకెక్కడ, ఆస్పత్రి దగ్గరే అని వెనకసీటాయన తీర్పు చెప్పేశాడు. అందరూ కలిసి బస్సు ఆపించి, ఈవిణ్ణి కోడిగుడ్డులా కిందికి దింపి, జాగ్రత్తమ్మా అని చెప్పి చక్కా పోయారు. బడి ఇంకా ఒక స్టాపు అవతల ఉంది. దారంతా ఆ బస్సులోవాళ్లని పేరుపేరునా తిట్టుకుంటూ నడిచింది. పేర్లు తెలీవు కాబట్టి సీట్లవారీగా తిట్టుకుంది.

క్లాసులో హెడ్మాస్టరు అప్పటికే పాప సీటు వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. అది పిల్లల బెంచీ కావడంతో మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. ఇవాళ దొరసానికి ఎవరూ సాయం చెయ్యకూడదని క్లాసు టీచరు ముందే గట్టిగా చెప్పేసింది. పిల్లలు పక్క టీచరు దిండ్లు చూసి గోలగోలగా చుట్టూ మూగి, ఏమైంది ఏమైంది అన్నారు. ఆవిడ ఏదో గొణిగి తన కుర్చీలో కూలబడింది.

పాప వచ్చింది. వచ్చి, రోజూలాగే అందరికీ వీపు చూపించి నిలబడింది. ఎవరూ కదల్లేదు. కాసేపు చూసి, వీపు సరిగ్గా కనబడట్లేదేమో అనుకుని కాస్త వంగింది. అయినా ఎవరూ రాలేదు. ముందు బెంచీలో ఒక పిల్ల ఆగలేక తన చొక్కాచెయ్యి తనే కొరుక్కుంటోంది. పక్క టీచరు దిండ్లు వాటంతటవే గాల్లోకి లేస్తుంటే, మోకాళ్ల మధ్య ఇరికించి పట్టుకుంది. పాప వెనక్కి తిరిగి, ఆ దిండ్లని చాలాసేపు చూసింది. తరవాత భుజాలు ఒక్కసారి విదిలించింది. బ్యాగు, నీళ్లసీసాతో సహా, దబ్బున వెళ్లి హెడ్మాస్టరు పాదం మీద పడింది. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పల్లెత్తు మాట అనలేదు.

పాప బ్యాగు తెరిచి కథల పుస్తకం తీసింది. అప్పుడు లెక్కల పీరియడు. చేతులకైతే కట్టారు గానీ నోటికి ఎవరు కడతారు? "పక్కది..." అని పక్క టీచరు అనేసింది. హెడ్మాస్టరు దగ్గారు. ఆవిడ ఒక చేతి దిండు నోట్లో కుక్కుకుంది. పాప కథల పుస్తకం తిరగేసి, దాంట్లో అంకెలు లేవని తేల్చుకుని, లోపల పెట్టి ఇంకోటి తీసింది. అదీ కాదు. మూడోది లెక్కలదే. క్లాసంతా ఒక్కసారి ఊపిరి వదిలింది.

తీసివేతలు. పాప పూసల పెట్టె ముందు పెట్టుకుని ఒక్కో పూసా పక్కకి జరుపుతూ, పైకి లెక్కపెడుతూ, మధ్యలో ఒక అంకె మింగేస్తూ, అనుమానమొచ్చి మళ్లీ మొదటికొస్తూ చేసింది. ఒక లెక్క అయ్యేలోపు మిగతా పిల్లలు పేజీ ముగించి, ఒక తగాదా పెట్టుకుని, రాజీ కూడా పడిపోయారు. పక్క టీచరుకి చెమటలు పట్టాయి. ఇంకొక్క పూస, ఒక్క పూస ఇటు జరిపితే సరిపోయే, జరపదేం? పాప జరిపింది. జరిపి, జవాబు రాసింది. అంకె కొంచెం పడుకున్నట్టుగా ఉంది గానీ అది పాప అంకె. ఇంతకాలం ఆ అంకె ఎలా ఉంటుందో పక్క టీచరు చూడనే లేదు. కొన్ని ఒప్పులొచ్చాయి, ఒకటి తప్పయింది, చివరి లెక్క దగ్గరికొచ్చేసరికి ఇవాళ్టికి చాలనిపించిందేమో, దాని బదులు పిల్లిబొమ్మ మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడు పక్క టీచరుకి ముక్కు దురద పుట్టింది.

మామూలు దురద కాదు. పొద్దుట్నుంచీ ఎక్కడ దాక్కుందో గానీ ముక్కు ఎడమవైపు నిప్పు పెట్టినట్టు రేగింది. మూతి అటు తిప్పింది, ఇటు తిప్పింది. కుర్చీ వీపుకి రాద్దామంటే అందలేదు. దిండుతో రుద్దితే దూది ముక్కులోకి పోయి రెట్టింపయింది. ఆవిడ మొహం పడుతున్న పాట్లు చూసి వెనక హెడ్మాస్టరు కూడా తన ముక్కు గోక్కున్నారు. ఇంతలో పాప పెన్సిలు కిందపెట్టి లేచింది. ఆవిడ ముందుకొచ్చి నిలబడి, మొహంలోకి చూసింది. వేలు ఒకటి పైకెత్తింది. ఎత్తి, అక్కడే ఆపింది.

"టీచర్, గోకనా?"

పక్క టీచరు తలూపింది. ఎక్కడ అంది పాప. ఎడమ పక్క అంది ఆవిడ. పాప తన రెండు చేతులూ చూసుకుని ఆలోచించి, కుడిపక్క గోకింది. అటు కాదమ్మా ఇటు అంటే, ఇటు గోకింది. చాలా అని అడిగింది. చాలు అన్నాక వెనక్కి వెళ్లి కూర్చుని పిల్లికి తోక పెట్టుకుంది.

పక్క టీచరు తన దిండ్ల వైపు చూసుకుంది. ఎన్ని నెలలుగా ఈ పిల్ల ముక్కు తుడిచింది, జడ లాగి బిగించింది, నోట్లో తొనలు కుక్కింది, పెన్సిలు పట్టుకున్న వేళ్లని పట్టుకుని ఈడ్చింది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, చెయ్యనా అని అడిగిందా? పొద్దున బస్సులో వాళ్లని సీట్లవారీగా తిట్టిందే, వాళ్లందర్నీ తలదన్నింది తనే. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది. కళ్లనిండా నీళ్లొచ్చాయి. తుడుచుకోవడానికి చేతుల్లేవు. అది చూసి క్లాసులో సగంమంది లేచి పరిగెత్తుకొచ్చారు. పాప పిల్లిని వదిలేసి వచ్చి, ఉండండి అని వాళ్లందరినీ ఆపి, తుడవనా అని అడిగింది. అడగ్గానే ఆవిడకి ఏడుపు ఇంకా ఎక్కువైంది, సంతోషమో సిగ్గో తెలీదు, పాప తుడుస్తున్నకొద్దీ కారుతూనే ఉంది.

భోజనం గంట కొట్టారు. హెడ్మాస్టరు బెంచీలోంచి మోకాళ్లు ఒక్కొక్కటే బయటికి తీసుకుని లేచి, కుంటుకుంటూ వచ్చారు.

"పాప ఇక్కడే ఉంటుంది. కమిటీకి నేను చెప్తాను, పిల్లిబొమ్మతో సహా" అన్నారు. తరవాత దిండ్ల వైపు చూసి, దెబ్బ ఎలా తగిలిందని అడిగారు.

పక్క టీచరు నీళ్లు నమిలింది. మెట్లు అంది, వేడినీళ్లు అంది, రెండూ కలిపి వేడినీళ్ల మెట్లు అని కూడా అంది. ఆయన కనుబొమ్మలు ఎత్తేసరికి, ఇక లాభం లేదని, విప్పించుకుంటానంది. ఆ పనికి పాప ముందుకొచ్చింది. కాంపౌండరు ముడులవి, అంత తేలిగ్గా వస్తాయా? పాప గోళ్లతో లాగింది, పళ్లతో పట్టింది, మెలి తిప్పింది. చుట్టూ పిల్లలు వేళ్లు పిసుక్కుంటూ నిలబడ్డారు, ఒక్కరూ ముట్టుకోలేదు. భోజనం చల్లారిపోతున్నా ఎవరూ వెళ్లలేదు. ముడి ఊడింది. చుట్లు చుట్లుగా బ్యాండేజీ నేలమీద కుప్పపడి, లోపల్నుంచి నున్నగా, నవనవలాడుతూ రెండు చేతులు బయటపడ్డాయి.

పాప వాటిని ఇటు తిప్పింది, అటు తిప్పింది. దెబ్బేది అంది.

"దెబ్బ లేదమ్మా. ఇవి ఊరుకోవు. నీ పనులన్నీ ఇవే చేసేస్తున్నాయి. అందుకే కట్టించుకున్నా" అంది పక్క టీచరు. అని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, జీవితంలో మొదటిసారి అడిగింది. "రేపు నీకు సాయం చెయ్యనా, వద్దా?"

పాప ఆలోచించింది. ఆ ఆలోచన ఎంతసేపు సాగిందంటే, హెడ్మాస్టరు జవాబు తనే చెప్పెయ్యబోయి నోరు తెరిచారు. పక్క టీచరు ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన మూసుకున్నారు.

"రేపు అడుగు" అంది పాప. అని, తన డబ్బా తను తీసుకుని భోజనానికి వెళ్లిపోయింది.

మర్నాడు పక్క టీచరు అడిగింది.